వంటలు రాసుకుని గిన్నెలు ఎంచుకున్నాం

గిన్నెలు తగ్గించుకుందామనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. అటక మీద సామాను దింపకముందే ఒక కాగితం తీసుకుని, మీ ఇంట్లో నిజంగా వండుకుంటున్న వంటలన్నీ రాయండి. గిన్నెలు ముందేసుకుని కూర్చుంటే ఏదీ వదలబుద్ధి కాదు. ప్రతిదాని వెనకా ఒక మనిషి ఉంటారు, ఒక శుభకార్యం ఉంటుంది. వంటలు రాసుకుని కూర్చుంటే మాత్రం ఏది కావాలో, ఏది అక్కర్లేదో వాటంతటవే తేలిపోతాయి. మా ఇంట్లో అలాగే తేలాయి.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా వారు రిటైరయ్యారు, అబ్బాయి ఉద్యోగం హైదరాబాదులో. అత్తయ్యగారికి ఎనభై దాటాయి, మోకాళ్లు సహకరించడం లేదు. పెంకుటిల్లు, దొడ్డి, ఎత్తరుగులు, పెరట్లో ఎక్కడో బాత్రూమూ ఇంక ఆవిడ వల్ల కాదని తేలాక నిజాంపేటలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు తీసుకున్నాం. ఊళ్లో మా వంటిల్లు, పక్కన సామాన్ల గది, పైన అటక కలిపితే ఆ ఫ్లాటులో హాలంత ఉంటుంది. ఫ్లాటులో వంటగట్టు కింద మూడు సొరుగులు, రెండు అరలు, పైన ఒక లాఫ్టు. అంతే.

బట్టలు, పరుపులు, పాత వైర్లు, గడువు తీరిన మందులు, ఎప్పుడో ఆగిపోయిన గోడ గడియారాలు లాంటివాటి గురించి ఎక్కువ చెప్పను. అవి తేలిగ్గానే పోయాయి. పుస్తకాలు ఊళ్లో గ్రంథాలయానికి ఇచ్చాం. మంచాలు బంధువులు పట్టుకెళ్లారు. కష్టమల్లా వంటింటితోనే వచ్చింది, ఎందుకంటే అది ఇద్దరు ఆడవాళ్ల సారె సామాను కలిసిపోయిన వంటిల్లు. అత్తయ్యగారి పెళ్లికి వచ్చిన ఇత్తడి, నా పెళ్లికి వచ్చిన స్టీలు. ఆ తర్వాత పాతబట్టలకి సామాను ఇచ్చే గంపలామె దగ్గర మార్చుకున్న డబ్బాలు, గృహప్రవేశాల్లోనూ పుట్టినరోజుల్లోనూ చేతిలో పెట్టిన డిన్నర్ సెట్లు, అబ్బాయి ఆన్‌లైన్లో తెప్పించిన నాన్‌స్టిక్ పెనాలు కూడా దాంట్లోనే చేరాయి.

పాత క్యాలెండర్ కాగితం వెనక నేను రాస్తుంటే అత్తయ్యగారు చెప్పారు. మొదట రోజూ వండేవి: అన్నం, పప్పు, ఏదో ఒక వేపుడో ఇగురో, చారు, పాలు, కాఫీ. తర్వాత వారంలో ఒకటి రెండుసార్లు వచ్చేవి: ఇడ్లీ, అట్టు, పెసరట్టు, ఉప్మా, పులుసు, చేపల పులుసు, కోడికూర. ఆ తర్వాత పండగలవి: పులిహోర, బూరెలు, గారెలు, పరమాన్నం, జంతికలు, అరిసెలు.

"సున్నుండలు రాశావా అమ్మాయ్?"

"వాటికి ప్రత్యేకంగా గిన్నెందుకు అత్తయ్యగారూ, మినుములు వేయించుకోడానికి మూకుడుంటే చాలు కదా."

"అదే రాయి. మూకుడు పక్కన ఇంకో గీత పెట్టు."

ఆ గీతల ఆలోచన ఆవిడదే. ప్రతి వంటా ఏ గిన్నెలో అవుతుందో చెప్పుకుంటూ ఆ గిన్నె పేరు పక్కన ఒక గీత పెడుతూ పోయాం. కాగితం నిండేసరికి మూకుడు పక్కన గీతలకి చోటు చాలలేదు. కుక్కరు, తపేలా, అట్లపెనం తర్వాతి వరసలో నిలిచాయి. అటక మీద బోర్లించిన పెద్ద డేగిసాల పక్కన ఒక్క గీతా లేదు. ఎనిమిది శేర్ల బియ్యం ఉడికే గుండిగ పక్కన కూడా లేదు. మా ఇంట్లో ఆఖరి పెళ్లికి కూడా వంట సామానంతా షామియానా సప్లయర్స్ వాళ్లే తెచ్చారు. ఆ రోజున కూడా మన డేగిసాలు అటక దిగలేదని అత్తయ్యగారే గుర్తు చేసుకున్నారు.

గీతలు ఎన్ని గిన్నెలు కావాలో చెప్పాయి కానీ, ఉన్న నాలుగు మూకుళ్లలో ఏది ఉంచాలో చెప్పలేదు. అక్కడ మాకు కొలత అయింది పులుపు. మన వంటలో చింతపండు పడనిది తక్కువ. చారు, పప్పుచారు, పులుసు, పులిహోర, గోంగూర, టమాటా పప్పు అన్నీ పుల్లనివే. పులుపు తట్టుకోని గిన్నె మన వంటింట్లో సగం పనికే వస్తుంది. సత్తు గిన్నెల్లో పులుసు కాస్తే లోపలి మెరుపు పోయి గరుకుబారుతుంది. అల్యూమినియాన్ని పులుపు తినేస్తుంది మరి. వట్టి ఇనప మూకుట్లో పులుసు పెడితే ఇనుము రుచి దిగి, రంగు నల్లబడుతుంది. కళాయి, అంటే లోపలి తగరం పూత, పోయిన ఇత్తడిలో పెడితే చిలుము దిగుతుంది, అది ఒంటికి మంచిది కాదు. ఈ మూడూ అత్తయ్యగారికి చిన్నప్పటినుంచీ తెలుసు. లోహాల పేర్లు చెప్పి నేను వివరించబోతే, "మా అమ్మ చారు సత్తులో పెట్టనిచ్చేది కాదు" అని తేల్చేశారు.

అందుకని సత్తు గిన్నెలన్నీ ఒక పక్కకి చేరాయి. వాటిలో పాలు కాచుకోవచ్చు, నీళ్లు కాచుకోవచ్చు. ఆ పనులు స్టీలు గిన్నె కూడా చేస్తుంది. స్టీలు చేసే మిగతా పనులు సత్తు చేయలేదు.

స్టీలుతో వేరే చిక్కుంది. పులుపుకి అది భయపడదు కానీ పలచటి స్టీలు గిన్నెలో ఏది వండినా అడుగంటుతుంది. అల్యూమినియంతో పోలిస్తే వేడిని పక్కలకి పాకనివ్వడంలో స్టీలు పదో వంతు కూడా చేయదు. మంట ఎక్కడ తగులుతుందో అక్కడే మాడుతుంది, పక్కన పచ్చిగా ఉంటుంది. నా సారెలో వచ్చిన స్టీలు గిన్నెల్లో చాలావరకు అలాంటివే. వడ్డించుకోడానికి, పిండి కలుపుకోడానికి, పెరుగు తోడేసుకోడానికి బాగుంటాయి. పొయ్యి మీదకి పనికిరావు. ఇన్నేళ్లూ పరమాన్నం వండిన ప్రతిసారీ గరిటె వదలకుండా తిప్పుతూ నిలబడింది ఆ పలచటి అడుగు వల్లే.

దానికి మందు మూడు పొరల గిన్నె. ట్రైప్లై అంటున్నారు. లోపల స్టీలు, బయట స్టీలు, మధ్యలో అల్యూమినియం. అడుగున ఒక్కచోట అతికించింది కాకుండా అంచుదాకా మూడు పొరలూ ఉన్నది తీసుకోవాలి. అడుగున మాత్రమే బిళ్ల అతికించినవాటిలో పక్కల దగ్గర మళ్లీ మామూలు పలచటి స్టీలే ఉంటుంది, ఇగురు అక్కడ మాడుతుంది. లోపలి పొర 304 రకం అయితే మంచిది. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే రకం అది, కొన్ని గిన్నెల అడుగున 18/8 అని కొట్టి ఉంటుంది. ఇక బయటి పొరకి అయస్కాంతం అంటుకోవాలి, అప్పుడే ఇండక్షన్ స్టవ్వు మీద పనిచేస్తుంది. ఫ్రిజ్ మీద బొమ్మ అతికించే చిన్న అయస్కాంతం పట్టుకుని ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె అడుగుకీ పెట్టి చూశాం. మంచి స్టీలని మేం అనుకున్న పాత గిన్నెల్లో చాలావాటికి అది అంటుకోలేదు. దానివల్ల స్టీలు చెడ్డదని కాదు, 304 రకానికి అయస్కాంతం సరిగా అంటదు. ఇండక్షన్‌కి మాత్రం అవి పనికిరావు. గుండ్రటి అడుగున్న పాత మూకుళ్లు ఎలాగూ దాని మీద నిలబడవు.

ఇంట్లో ఉన్నవి తగ్గించుకుంటూ కొత్తది కొనడమేంటని మా వారు అడిగారు. నాలుగు మూకుళ్లు పోయి ఒకటి వస్తుందని చెప్పాను. తణుకులోనే ఒక కొట్లో వెడల్పాటి, సమంగా ఉండే అడుగున్న కడాయి తీసుకున్నాం. రెండు వైపులా చెవులు, గట్టి మూత, పదకొండు అంగుళాల వెడల్పు. కొనేటప్పుడు ఐఎస్ఐ ముద్ర ఉందో లేదో చూసుకోండి. స్టీలు, అల్యూమినియం వంట పాత్రలకి ఆ ముద్ర తప్పనిసరి చేస్తూ కేంద్రం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. స్టీలు పాత్రలకి ఐఎస్ 14756, ప్రెషర్ కుక్కర్లకి ఐఎస్ 2347 అన్న నంబరు ముద్ర దగ్గరే కనిపిస్తుంది.

ఒకవైపు పొడుగు కాడ ఉన్నది వద్దని, రెండు చెవుల కడాయే కావాలని అత్తయ్యగారు పట్టుబట్టడానికి కారణం చేపల పులుసు. గోదావరి జిల్లాల వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. చేప ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదు, ముక్క చిదిరిపోతుంది. గుడ్డతో రెండు చెవులూ పట్టుకుని గిన్నెనే మెల్లగా అటూ ఇటూ తిప్పాలి, పులుసు ముక్కల మధ్యకి అదే వెళ్తుంది. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా ఒకే వరసలో సర్దుకోవాలి కాబట్టి గిన్నె లోతు కన్నా వెడల్పు ఎక్కువ ఉండాలి. పులుపు తట్టుకోవాలి. ముందు ఉల్లిపాయ, మెంతులు వేగేటప్పుడు అడుగంటకూడదు. ఇన్ని అడిగే వంట ఇంకోటి మా జాబితాలో లేదు. చేపల పులుసుకి పనికొచ్చిన గిన్నెలో ఉప్మా అవుతుంది, దొండకాయ వేపుడు అవుతుంది, కోడికూర అవుతుంది, నూనె పోస్తే గారెలు, బూరెలు అవుతాయి, పొయ్యి మీంచి దించాక పులిహోర కలుపుకోడానికి కూడా చాలినంత వెడల్పు ఉంటుంది. ఒక గిన్నె ఎన్ని పనులకి వస్తుందో చూడాలంటే మీ ఇంట్లో అన్నిటికన్నా పేచీ పెట్టే వంట ఏదో చూసుకుని దానితో మొదలుపెట్టండి.

అట్లపెనం విషయంలో మాత్రం కొత్తది కొనలేదు. పొరలు లేస్తున్న నాన్‌స్టిక్ పెనాలన్నీ తీసేశాం. ఆ పూత 260 డిగ్రీలు దాటితే చెడటం మొదలవుతుంది, ఇంకా కాలితే పొగలు కక్కుతుంది. మనం అట్టు వేసేముందు వట్టి పెనాన్ని బాగా కాలనిస్తాం, తాలింపుకి కూడా వట్టి మూకుడే ముందు వేడెక్కిస్తాం. మన అలవాటుకి ఆ పూత తగదని నా నమ్మకం. సామాన్ల గదిలో మూల నిలబెట్టిన ఇనప అట్లపెనం, తుప్పుపట్టి ఎర్రగా ఉన్నది, బయటికి తీశాం. చింతపండు, ఇటుకపొడి వేసి కొబ్బరిపీచుతో తుప్పు పోయేదాకా రుద్ది, కడిగి, తడి లేకుండా పొయ్యి మీద ఆరబెట్టాను. తర్వాత గంజిలో ఒక రాత్రి నానబెట్టి, మళ్లీ కడిగి ఆరబెట్టి, పలచగా నువ్వులనూనె రాసి సన్నటి మంట మీద పొగ వచ్చేదాకా కాల్చాను. చల్లారాక మళ్లీ నూనె, మళ్లీ కాల్చడం. ఉల్లిపాయని అడ్డంగా కోసి, ఫోర్కుకి గుచ్చి, నూనెలో ముంచి పెనమంతా రుద్దుతూ ఉంటే ఎర్రటి మచ్చలు పోయి, గోధుమ రంగు తిరిగి, నల్లగా నున్నగా అయింది. మొదటి రెండు అట్లూ అంటుకున్నాయి, పిండి ముద్దలా వచ్చింది. తర్వాతది అంచు దానంతటదే లేచింది. పెసరట్టు ఆ పెనం మీద కాలినట్టు ఏ నాన్‌స్టిక్ మీదా కాలలేదు, అంచులు కరకరలాడాయి. చపాతీలు, రొట్టెలు కూడా దాని మీదే. వంకాయ, కంద ముక్కలు కొంచెం నూనెతో దాని మీదే వేయించుకుంటున్నాం.

పోత ఇనుము పెనాలు ఇంకా బాగుంటాయని కొంతమంది అంటారు. బాగుంటాయి, వేడి నిలబెట్టుకుంటాయి. కానీ అత్తయ్యగారు ఎత్తలేరు. మా రేకు పెనాన్ని ఆవిడ ఒంటిచేత్తో తీసి పక్కన పెట్టగలరు. గిన్నె మంచిదే అయినా ఆ ఇంట్లో వండేవాళ్ల మణికట్టు దాన్ని ఒప్పుకోవాలి. అందుకని ఉంచాలనుకున్న ప్రతి గిన్నెలో సగానికి నీళ్లు పోసి, ఆవిడ చేత ఎత్తించి, సింకులోకి వంపించి చూశాం. పెద్ద కుక్కరు అక్కడే ఆగిపోయింది.

కుక్కర్ల సంగతి త్వరగా తేలింది. ఇంట్లో ఉన్నవాటిలో చాలావరకు అల్యూమినియంవి, లోపల గుంటలు పడ్డవి. రెండింటి మూతలు తారుమారయ్యాయి, ఏది దేనికి సరిపోతుందో తెలియదు. మూత సరిగ్గా పట్టని కుక్కరు ప్రమాదం, ఎవరికి ఇచ్చినా ప్రమాదమే కాబట్టి వాటిని దానం చేయలేదు, పాత సామానులో వేశాం. ఐదు లీటర్ల స్టీలు కుక్కరు ఒకటి, మూడు లీటర్లది ఒకటి ఉంచుకున్నాం. వాటికి కొత్త గ్యాస్కెట్లు, కొత్త సేఫ్టీ వాల్వులు వేయించాం. కుక్కర్లో ఆవిరి బిగిస్తే నీళ్లు నూరు డిగ్రీల దగ్గర కాకుండా దాదాపు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, అందుకే కందిపప్పు అంత త్వరగా మెత్తబడుతుంది. ఉంచుకున్నవాటిలో పెద్దదైన ఐదు లీటర్ల కుక్కర్లో ఒకదాని మీద ఒకటి కూర్చునే గిన్నెలున్నాయి, కింద పప్పు, పైన దుంపలో కూరముక్కలో. విజిల్ తీసేసి ఇడ్లీ రేకులు పెట్టుకుంటే అదే ఇడ్లీ పాత్ర. ఉన్న ఇడ్లీ పాత్ర తోటికోడలికి ఇచ్చేశాను.

ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు, శాండ్‌విచ్ మేకరు, జ్యూసరు, రోటీ మేకరు ఇవన్నీ ఒక్కొక్క పనికే వచ్చేవి, మా కాగితంలో వాటికి గీతలు లేవు. ఒక్క పనికే వచ్చినా ఉంచుకున్నవీ ఉన్నాయి. జంతికల గొట్టం బిళ్లలన్నిటితో సహా ఉంచుకున్నాం, ఎందుకంటే ఆ పని ఇంకేదీ చేయలేదు, సొరుగులో మూలకి పట్టేస్తుంది. కొబ్బరి కోరాం కూడా అంతే. మా గుంటపొంగనాల పెనం అబ్బాయి అడిగాడు కాబట్టి వచ్చింది. ఆవకాయకి పింగాణీ జాడీ ఒకటి వచ్చింది, ఉప్పుకి కారానికి పులుపుకి అది చలించదు. మిగతా జాడీలు ఆడపడుచులు పంచుకున్నారు.

ఇక ఇత్తడి. అసలు కష్టం ఇక్కడే.

తణుకు దగ్గర అజ్జరం ఇత్తడి పనికి పేరున్న ఊరు. మా చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా అజ్జరం బిందె ఉంటుంది. అత్తయ్యగారి సారె అంతా అక్కడిదే. గుండిగలు, బిందెలు, తపేలాలు, కాగు, మరచెంబు, వాళ్ల అమ్మగారి పేరు కొట్టించిన పళ్లెం. ఇంగువ డబ్బా మీద కూడా పేరుంది, ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. ఆవిడ ఒక్కొక్కటీ దగ్గరికి తీసుకుని అక్షరాల మీద వేలు పెట్టి చదువుతూ, ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పారు. ఆ మధ్యాహ్నమంతా మేం ఏదీ తీయలేదు, ఏదీ సర్దలేదు. విన్నాం. మా వారు ప్రతి పేరూ ఫోనులో ఫొటో తీశారు.

మర్నాడు ఆవిడే మొదలుపెట్టారు.

"పెద్ద గుండిగ రామాలయానికి ఇచ్చేద్దాం అమ్మాయ్. శ్రీరామనవమికి పానకం కలపడానికి ఏటా ఎవరింట్లోంచో ప్లాస్టిక్ డ్రమ్ము తెస్తున్నారు."

"మీ అమ్మగారి పేరుంది కదా దాని మీద?"

"ఉండనీ. పానకం తాగేవాళ్లు చదువుకుంటారు."

పానకంలో నిమ్మరసం పిండుతారు కాబట్టి కళాయి లేకుండా ఇవ్వకూడదని, గుండిగనీ మేం ఉంచుకోదలచిన తపేలానీ కారులో వేసుకుని అజ్జరం తీసుకెళ్లాం. ఒకప్పుడు కళాయి వేసేవాళ్లు వీధిలోకే వచ్చేవారు, ఇప్పుడు మనమే వెళ్లాలి. అక్కడ కూర్చుని చూశాను. ముందు గిన్నె లోపలంతా మసి, జిడ్డు పోయేలా తోమి, కొలిమి మీద తిప్పుతూ వేడి చేశారు. చేతికి గుడ్డ చుట్టుకుని నవాసాగరం పొడి చిటికెడు జల్లగానే తెల్లటి పొగ గుప్పుమంది, ముక్కు అదిరింది. తగరం కడ్డీ లోపల ఇలా తాకించారో లేదో కరిగి జారింది. దూది ఉండతో దాన్ని చుట్టూ ఒక్కసారి రుద్దేసరికి పసుపుపచ్చటి గిన్నె లోపల వెండిలా అయిపోయింది. వెంటనే నీళ్లలో ముంచారు. ఇంత పనీ కళ్లార్పేలోగా అయినట్టుంది, కానీ ఆ చేతి వేగం వెనక ఏళ్ల అనుభవం ఉంది.

కళాయి గిన్నెకి ఒక్క నియమం ఉంది. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది. అందుకని వట్టి గిన్నెని పొయ్యి మీద పెట్టి వదిలేయకూడదు. ముందు నీళ్లో నూనో పోసి తర్వాతే మంట వెలిగించాలి. పీచుతో బరబరా తోమకూడదు, కుంకుడు పొడో మెత్తటి గుడ్డో చాలు. ఇంత జాగ్రత్త అవసరమైన గిన్నె ఎందుకు ఉంచుకున్నారంటే, ఇత్తడి స్టీలు కన్నా చాలా బాగా వేడిని పాకిస్తుంది. మందంగా ఉన్న ఆ తపేలాలో వార్చిన అన్నం మెతుకు మెతుకుకీ అంటదు, పరమాన్నం అడుగంటదు, పప్పుచారు దాంట్లో కాగితే పొయ్యి కట్టేశాక కూడా చాలాసేపు వేడిగా ఉంటుంది. అంచు వెడల్పుగా ఉండటంతో పట్టుకారుకి గట్టి పట్టు దొరుకుతుంది. ఇండక్షన్ మీద మాత్రం పనిచేయదు, గ్యాసు మీదే.

మిగతా ఇత్తడిలో ఒక బిందె, మరచెంబు, పేరున్న పళ్లెం మాతో వచ్చాయి. మా అత్తయ్యగారి చెల్లెళ్ల పిల్లలు తలా ఒకటి తీసుకున్నారు. ఎవరూ అడగనివి తూకానికి అమ్మాం. అమ్మేవాళ్లకి ఒక మాట చెప్తాను. కొట్టుకి వెళ్లేముందు ఇంట్లోనే తూచి, ఇత్తడి, రాగి, కంచు వేరువేరుగా కట్టి, ఏది ఎన్ని కిలోలో కాగితం మీద రాసుకోండి. మేం వెళ్లిన ఒక కొట్లో అన్నీ కలిపి ఇత్తడి ధరకే తూచబోయారు. రాగికి, కంచుకి ధర ఎక్కువ. మేం విడిగా కట్టిన మూటలు చూపించి అడిగితే మళ్లీ తూచారు. మాటువేసిన గిన్నెలకి, ఇనప కాడలున్నవాటికి తరుగు తీస్తారు, అది న్యాయమే.

స్టీలు సామానులో మొదట ఎంచుకునే హక్కు మా ఇంట్లో ఇన్నేళ్లూ పనిచేసిన ఆవిడకి ఇచ్చాం. ఇవి తీసుకో అని మూట కట్టి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. అన్నీ వసారాలో వరసగా పెట్టి, నీకేం కావాలో చూసుకోమన్నాను. ఆవిడ డిన్నర్ సెట్లు ముట్టుకోలేదు, గట్టి మూతలున్న డబ్బాలు, రెండు మందపాటి గిన్నెలు, నీళ్ల డ్రమ్ము ఎంచుకుంది. ఆవిడ ఎంపిక చూస్తే మా జాబితా ఎంత సరైందో నాకు అర్థమైంది. డిన్నర్ సెట్లు, వడ్డించే బేసిన్లు మండలంలో ఒక వృద్ధాశ్రమానికి వెళ్లాయి, వాళ్లని ముందే అడిగి కావాలన్నవే పంపాం. చిల్లులు పడ్డవి, చెవులూడినవి ఎవరికీ ఇవ్వలేదు. పాత ఇనుము, పాత ప్లాస్టిక్ కొంటామని మైకులో వినిపించుకుంటూ వచ్చే బండి అతనికి వేశాం.

మూతల సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నాను. మూతలకి పట్టేంత చోటు గిన్నెలకి కూడా పట్టదు. ఉంచుకున్న గిన్నెల్లో మూడింటికి ఒకే మూత సరిపోయేలా చూసుకున్నాం, కడాయి మూతే తపేలాకీ వేసుకోవచ్చు. వడ్డించే గిన్నెలు ఒకదాంట్లో ఒకటి ఇమిడే వరస ఒక్కటే ఉంచాం. గరిటెల్లో అట్లకాడ, చిల్లుల గరిటె, హస్తం, పప్పు గరిటె, పోపు గరిటె మాత్రమే వచ్చాయి. రుబ్బురోలు, తిరగలి ఊళ్లోనే మా మరిది వాళ్లింటి వసారాలో ఉన్నాయి.

హైదరాబాదు వచ్చాక దీనికి గట్టి పరీక్ష ఒకటి వచ్చింది. ఆడపడుచులు పిల్లలతో సహా భోజనానికి వచ్చారు, మొత్తం పన్నెండుమంది. ఊళ్లో అయితే పొయ్యి చుట్టూ గిన్నెలు బారులు తీరేవి. ఇక్కడ వంట వరసని ముందే అనుకున్నాం. పొద్దున్నే కడాయిలో నూనె పోసి గారెలు వేసేశాం. ఆ నూనె వడకట్టి పక్కన పెట్టి, కడాయి కడిగి, దాంట్లోనే బెండకాయ వేపుడు, అది గిన్నెలోకి తీసి మళ్లీ చేపల పులుసు. చేపలు ఆఖరికి, ఎందుకంటే ఆ వాసన తర్వాత ఇంకేదీ ఆ గిన్నెలో వద్దన్నారు అత్తయ్యగారు. పెద్ద కుక్కర్లో కింద పప్పు, పైన చారుకి టమాటాలు ఉడికాయి. చిన్న కుక్కర్లో కోడికూర. తపేలాలో అన్నం రెండు వాయిలు వార్చాం, మొదటి వాయి వేడి తగ్గకుండా గుడ్డలో చుట్టిపెట్టిన గిన్నెలోకి తీశాం. చారు ఇండక్షన్ మీద మరిగింది. రెండు గ్యాసు పొయ్యిలు, ఒక ఇండక్షన్. ఏ గిన్నె కోసమూ వెతుక్కోలేదు. తోమాల్సినవి కూడా తక్కువ కావడంతో వాళ్లు వెళ్లేలోపే గట్టు ఖాళీ అయింది.

లోటు కూడా తెలిసింది. పాలకి విడిగా గిన్నె లేకపోవడం ఇబ్బందే. పాలు కాచిన గిన్నెలో చారు పెట్టలేం, చారు గిన్నెలో పాలు విరుగుతాయని భయం. అందుకని ముక్కున్న రెండు లీటర్ల మందపాటి స్టీలు గిన్నె ఒకటి కొన్నాం. పిల్లలు వచ్చినప్పుడు నూడిల్స్‌కీ, అత్తయ్యగారికి జావకీ అదే వాడుతున్నాం, జావ ఎలాగూ పాలలాంటిదే కాబట్టి ఇబ్బంది లేదు. గృహప్రవేశానికి ఏం తెమ్మంటారని బంధువులు అడిగితే గిన్నెలు వద్దని ముందే చెప్పాం. దొడ్డి ఉన్నవాళ్లు కొబ్బరికాయలు, అరటిగెలలు తెచ్చారు.

తపేలా అడుగున ఒకచోట కళాయి పలచబడి, పసుపు రంగు కనబడుతోంది. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు అజ్జరంలో మళ్లీ వేయించాలి. అప్పటిదాకా దాంట్లో పప్పుచారు పెట్టడం ఆపేశాం, అన్నానికీ నీళ్లు కాచుకోడానికీ మాత్రమే వాడుతున్నాం.